నాలుగు ఫొటోలు ఒకే బొమ్మలో: ఆన్‌లైన్‌లో ఫొటోలు కలపడం గురించి మా కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం గంటస్తంభం దగ్గర ఫొటో ప్రింట్లు తీసే కౌంటర్ మాది. పండగలు, పెళ్ళిళ్ళు, ఉద్యోగాల అప్లికేషన్లు వచ్చాయంటే "ఈ ఫొటోలన్నీ ఒకదాంట్లో పెట్టాలండి" అన్న మాట వినకుండా రోజు గడవదు. నిజానికి ఇది మీ ఫోన్లోనో, ఇంట్లో కంప్యూటర్లోనో మీరే చేసుకోగలిగిన పని. చేసి తెచ్చారంటే మాకు ప్రింటు కొట్టడమే మిగులుతుంది, మీకు డిజైన్ చార్జీ తప్పుతుంది. ప్రశ్నల్ని వీలైనంతవరకూ అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాం.

అన్నిటికన్నా ముందు ఏటి చెయ్యాలి?

ఆ బొమ్మ చివరికి ఎక్కడ కనపడాలో తేల్చుకోవాలి. వాట్సాప్ స్టేటస్‌కా, గోడమీద ఫ్రేముకా, ఫ్లెక్సీకా, అప్లికేషన్‌లో ఎక్కించడానికా? చాలామంది ఫొటోలన్నీ ముచ్చటగా పేర్చేసి, ఆఖర్న "ఇది ఏ సైజులో వస్తుందండీ" అని అడుగుతారు. చతురస్రంగా పేర్చిన బొమ్మని 12×18 అంగుళాల కాగితం మీదకి తేవాలంటే అంచు ఫొటోల్లో తలలైనా తెగాలి, పైనా కిందా తెల్ల పట్టీలైనా మిగలాలి. మూడో దారి లేదు. పైగా క్యాన్వా అనే డిజైన్ సైటులో ఉచిత ఖాతా ఉన్నవాళ్ళకి, ఒకసారి ఎంచుకున్న సైజుని తర్వాత ఒక్క నొక్కుతో మార్చుకునే వీలు లేదు. అది డబ్బు కట్టినవాళ్ళకే. మీరైతే కొత్త సైజుతో ఖాళీ డిజైన్ తెరిచి అన్నీ మళ్ళీ అతికించుకోవాలి.

స్క్రీన్ మీద చూడ్డానికైతే లెక్క తేలిక. స్టేటస్‌కి 1080×1920 పిక్సెళ్ళు, అంటే బొమ్మలో వెడల్పున 1080, ఎత్తున 1920 చుక్కలు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకి 1080×1080 గానీ 1080×1350 గానీ. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కి 1280×720. ప్రింటు లెక్క వేరు, అది కింద చెప్తాం.

కొలాజ్, పనోరమా, ఫొటోలు అతికించడం అన్నీ ఒకటేనా?

కాదు. దేనికదే వేరు, దేనికి దాని సైటే వాడాలి. ఫొటోల్ని గళ్ళల్లో పేర్చడం కొలాజ్. ఒకదాని కింద ఒకటి, లేదా పక్కపక్కన, ఖాళీ లేకుండా అంటించడం ఉత్త జోడింపు. ఆధార్ ముందు వెనకలు, చాట్ స్క్రీన్‌షాట్లు ఈ లెక్కలోకి వస్తాయి. ఒకే దృశ్యాన్ని ముక్కలుగా తీసి అతుకు తెలియకుండా కలపడం పనోరమా. ఇక ఒక ఫొటోలో మనిషిని కత్తిరించి ఇంకో ఫొటోలో నిలబెట్టడం లేయర్ల పని, అంటే బొమ్మల్ని పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చడం. అన్నిటిలోకీ ఇదే కష్టం.

యాప్ వేసుకోకుండా బ్రౌజర్లోనే అయిపోతుందా? ఏ సైటు మంచిది?

అయిపోతుంది. గళ్ళల్లో పేర్చడానికి క్యాన్వా, అడోబీ ఎక్స్‌ప్రెస్, ఫోటర్ లాంటివి చాలు. గళ్ళు రెడీగా ఉంటాయి, ఫొటో లాగి గడిలో వదిలితే కూర్చుంటుంది. ఫోన్లో గూగుల్ ఫొటోస్ ఉంటే సైటు కూడా అక్కర్లేదు. కావలసిన ఫొటోలు ఎంచుకుని కొలాజ్ అని నొక్కితే చాలు. కాకపోతే సైజు మీ చేతిలో ఉండదు, ప్రింటుకి పనికిరాకపోవచ్చు.

మా ఓటు మాత్రం ఫొటోపీ అనే సైటుకి. చూడ్డానికి ఫొటోషాప్ లాగే ఉంటుంది, బ్రౌజర్లోనే నడుస్తుంది, డబ్బు అడగదు, పక్కన ప్రకటనలు వస్తాయంతే. పిక్సెళ్ళ కొలత మీరే ఇవ్వచ్చు. మొదటిసారి తెరిస్తే కొంచెం బెదురు పుడుతుంది. కంప్యూటర్ మీద అయితేనే సుఖం, ఫోన్ తెర మీద వేళ్ళతో తంటాలు పడాలి.

ఫొటోపీలో ఎలా చెయ్యాలో ఒకసారి చెప్పరా?

కొత్త ప్రాజెక్టు తెరిచి వెడల్పు, ఎత్తు పిక్సెళ్ళలో ఇవ్వండి. ఫొటోలన్నీ ఒకేసారి ఎంచుకుని ఆ ఖాళీ పేజీ మీదకి లాగి వదలండి. ఒక్కోటీ ఒక్కో లేయరుగా పడుతుంది. ఒక్కోదాన్నీ మూలన పట్టుకుని సాగదీసి దాని చోట పెట్టండి. మూలనే పట్టుకోవాలి సుమా, పక్క అంచు పట్టుకుని లాగితే మనిషి బక్కగానో పొట్టిగానో అయిపోయే ప్రమాదం ఉంది. అయ్యాక జేపీజీగా ఎగుమతి చేసుకోండి, నాణ్యత 90 పైన ఉంచండి. ఇంకో రోజు మార్పులు చేసుకోవాలనుకుంటే పీఎస్‌డీ ఫైలు కూడా దాచుకోండి, అందులో లేయర్లు విడివిడిగానే ఉంటాయి. జేపీజీ ఒక్కటే ఉంటే అందులోంచి ఫొటోల్ని మళ్ళీ విడదియ్యలేం.

ఒక బొమ్మలో ఎన్ని ఫొటోలు పెట్టొచ్చు?

సైటు వంద పెట్టుకోమంటుంది. మేమైతే 4×6 ప్రింటులో నాలుగు దాటొద్దంటాం. ఆరు పెడితే ఒక్కో గడి రెండంగుళాలు. అందులో పదిమంది ఉన్న గ్రూపు ఫొటో వేశారంటే ఒక్కో మొహం పెసరగింజంత అవుతుంది. ఇంటికెళ్ళాక "మా పిన్ని ఏదీ" అని వెతుక్కోవాలి.

సంఖ్య కన్నా ముఖ్యం, ఏది పెద్దగా ఉండాలన్నది. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యిందంటే మర్నాటి నుంచీ మా దగ్గరికి వచ్చేవన్నీ ఆ ఫొటోలే. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, సిరిమాను: ఐదింటినీ ఐదు సమాన గళ్ళల్లో పేర్చి తెస్తారు. అలా వేస్తే సిరిమాను మిగతావాటిలో ఒకటైపోతుంది. జనం పొద్దుట్నించీ నిలబడింది దానికోసమేగా! 4×6 కన్నా పెద్ద కాగితం తీసుకుని, ఎడమపక్క దాని ఎత్తంతా సిరిమానుకి ఒదిలెయ్యండి. ఆ మాను ఏటవాలుగా పైకి లేచి, కొసన పూజారి కూర్చుని ఉంటారు కాబట్టి నిలువు గడిలోనే అది నిండుగా కనపడుతుంది. మిగతా నాలుగూ కుడిపక్క ఒకదాని కింద ఒకటి, ఊరేగింపులో నడిచే వరుసలోనే పెట్టండి. మూడు లాంతర్ల సెంటర్ దగ్గర తీసిందొకటి, కోట ముందు తీసిందొకటి ఉంటే రెండూ పెట్టకండి, బాగున్నది ఉంచండి. ఒకేలాంటి రెండు ఫొటోలు పక్కపక్కన పడితే రెండూ వెలవెలబోతాయి.

పుట్టినరోజుకి పాప పన్నెండు నెలల ఫొటోలూ ఒకదాంట్లో కావాలి. నాలుగే అంటే ఎలా?

దీనికి మినహాయింపు ఉంది, లెక్క కూడా భలే కుదురుతుంది. 12×18 అంగుళాల నిలువు కాగితం తీసుకోండి. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు గళ్ళు. ఒక్కో గడి 4×4 అంగుళాలు. గళ్ళన్నీ కలిపి 16 అంగుళాల ఎత్తు వస్తాయి, ఇంకా రెండంగుళాలు మిగులుతుంది. అక్కడ పాప పేరు, తేదీ. ఒక్కో ఫొటోలో పాప ఒక్కతే ఉంటుంది కాబట్టి నాలుగంగుళాల్లో మొహం స్పష్టంగా కనపడుతుంది. ఎత్తుకున్న అమ్మమ్మ, వెనకాల ఫ్రిజ్జు, తలుపు మీద తువ్వాలు ఇవన్నీ గడి బయటికి పోయేట్టు దగ్గరగా కత్తిరించుకోండి. అమ్మమ్మగారు ఏమీ అనుకోరు, ఆవిడకి వేరే ప్రింటు తీయించండి.

ఫోన్లో బాగానే కనపడతంది, ప్రింటు తీస్తే మసగ్గా వస్తంది. ఏటి కారణం?

నూటికి తొంభై సార్లు కారణం ఒకటే: అది వాట్సాప్‌లో వచ్చిన కాపీ. ఇప్పటి ఫోన్లో 12 మెగాపిక్సెల్ ఫొటో తీస్తే అది 4000×3000 పిక్సెళ్ళు ఉంటుంది. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. పొడుగు వైపు తరచుగా 1600 పిక్సెళ్ళ చుట్టుపక్కలకి వచ్చేస్తుంది. ఫోన్ తెర చిన్నది కాబట్టి కంటికి తేడా తెలీదు, కాగితం మీద బయటపడుతుంది.

మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలన్నది మా లెక్క. 1600×1200 ఫొటోని 4×6 సైజులో కొడితే అంగుళానికి 260 పైన పడతాయి, ఎవరూ వంక పెట్టలేరు. అదే ఫొటోని 12×18 నిండా కొడితే అంగుళానికి 90 కూడా రావు, మొహం మీద మైనం పూసినట్టు ఉంటుంది. పైన చెప్పిన పన్నెండు నెలల బొమ్మలోనైతే గడికి 1200 పిక్సెళ్ళు కావాలి, 1600×1200 ఫొటోని చతురస్రంగా కత్తిరిస్తే సరిగ్గా అంతే వస్తుంది. అంటే వాట్సాప్ ఫొటో పనికిరాదని కొట్టిపారెయ్యక్కర్లేదు, చిన్న గడిలో వాడితే నిలబడుతుంది. పెద్ద గడికి మాత్రం అసలు ఫైలు తెప్పించుకోండి. వైజాగ్‌లో ఉన్న బావగారి ఫోన్లోనే అసలుది ఉందంటే, డాక్యుమెంటుగా పంపమని చెప్పండి. హెచ్‌డీ అని నొక్కి పంపినా మామూలు కన్నా నయం.

స్టేటస్ నుంచి స్క్రీన్‌షాట్ తీసి తెస్తే మాత్రం మేం చేతులెత్తేస్తాం.

ఏ ప్రింటుకి ఎన్ని పిక్సెళ్ళు పెట్టుకోవాలి?

అంగుళాల్ని 300తో హెచ్చవేయండి, అంతే. 4×6కి 1200×1800. 5×7కి 1500×2100. 8×12కి 2400×3600. 12×18కి 3600×5400. ఎ4 కాగితానికి 2480×3508. పెళ్ళి ఆల్బమ్‌లో వేసే 12×36 షీటుకి 3600×10800.

ఫ్లెక్సీకి ఇదంతా అక్కర్లేదు, దూరం నుంచి చూసేది కదా. అంగుళానికి 72 చొప్పున చాలు. 6×4 అడుగుల ఫ్లెక్సీకి 5184×3456 పిక్సెళ్ళు అవుతుంది. కానీ ఫ్లెక్సీ మధ్యలో పెద్దగా వేసే మొహం మాత్రం అసలు ఫొటో నుంచే రావాలి.

సైటు నుంచి దించుకున్న ఫైలు సైజు ఇంతకి తగ్గితే, అక్కడే ఎక్కడో "చిన్నది ఉచితం, పెద్దదానికి డబ్బులు" అని రాసుంటుంది. దించుకునే ముందు చూసుకోండి.

అంచున ఉన్నవాళ్ళ మొహాలు కోసుకుపోతున్నాయి. ఎందుకు?

రెండు కారణాలు. ఫోన్ కెమెరా ఫొటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది, గడి ఇంకోలా ఉంటుంది. గడి నిండాలంటే సైటు రెండు పక్కలా కోసేస్తుంది. గడి మీద రెండుసార్లు నొక్కి ఫొటోని లోపల జరుపుకోవచ్చు, చాలామందికి ఈ సంగతి తెలీదు. రెండోది ఫ్రేము. చెక్క ఫ్రేము అంచు కాగితాన్ని చుట్టూ కొంత కప్పేస్తుంది. అందుకని బొమ్మ చుట్టూ కనీసం పావు అంగుళం, అంటే 75 పిక్సెళ్ళు, ముఖ్యమైనదేదీ లేకుండా వదలండి. పేర్లు, తేదీలు అంచుకి ఆనించి రాయకండి.

నిలువు ఫొటోలు, అడ్డం ఫొటోలు కలిసి ఉన్నాయి. బాగోట్లేదు.

అన్నీ ఒకే గడిలోకి కుక్కకండి. ఒక పెద్ద నిలువుది, దాని పక్కన ఒకదానిమీద ఒకటిగా రెండు అడ్డంవి వేస్తే చక్కగా కుదురుతాయి.

ఒక ఫొటో పసుపు, ఒకటి నీలం. ఒక్క కుటుంబంలా లేదు.

కళింగపట్నం బీచ్‌లో పొద్దుగూకే వేళ తీసినవి, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు కింద తీసినవి పక్కపక్కన పెడితే అలాగే ఉంటుంది. కలిపే ముందే ఒక్కో ఫొటోలో వెచ్చదనం, వెలుగు సర్దుకోండి. మొహాల రంగు చూసి సర్దాలి, ఆకాశం చూసి కాదు. ఎంతకీ కుదరకపోతే అన్నీ నలుపు తెలుపు చేసెయ్యండి. ఇది దొంగదారే, కానీ పనిచేస్తుంది.

తాతగారి ఫొటో, నాయనమ్మ ఫొటో వేరువేరుగా ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఉన్నట్టు చెయ్యొచ్చా?

మా దగ్గరికి సంవత్సరీకాల ముందు వచ్చే పని ఇదే ఎక్కువ. ఆ తరంలో ఇద్దరూ కలిసి స్టూడియోకి వెళ్ళడం అరుదు. ఒకరిది రేషన్ కార్డు ఫొటో ఉంటుంది, ఇంకొకరిది ఎవరి పెళ్ళిలోనో మూడో వరసలో ఉంటుంది. చెయ్యొచ్చు, కానీ ఓపిక కావాలి.

ముందు పాత ఫొటోని ఫోన్‌తో ఫొటో తియ్యకండి, స్కాన్ చేయించండి. రెండంగుళాల ఫొటోని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 1200 పిక్సెళ్ళు వస్తాయి, నాలుగంగుళాలకి సరిపోతుంది. ఫొటో ఇంకా చిన్నదైతే 1200 డీపీఐ పెట్టించండి. అద్దానికి అంటుకుపోయిన ఫొటోని పీకొద్దు, అద్దంతోనే స్కాన్ చెయ్యచ్చు.

బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్యడానికి రిమూవ్ బీజీ లాంటి సైట్లు ఉన్నాయి. ఉచితంగా ఇచ్చేది చిన్న సైజు. క్యాన్వాలో ఇదే పని డబ్బు కట్టినవాళ్ళకి. ఫొటోపీలో చేత్తో కత్తిరించుకుంటే పెద్ద సైజే ఉంటుంది, జుట్టు దగ్గర మాత్రం తంటా. కత్తిరించాక చూడాల్సినవి మూడు: ఇద్దరి కళ్ళూ వాళ్ళ ఎత్తుకి తగ్గట్టు ఉన్నాయా, వెలుగు ఇద్దరి మీదా ఒకే పక్క నుంచి పడుతోందా, ఇద్దరి ఫొటోల్లో స్పష్టత ఒకేలా ఉందా. వెలుగు ఎదురెదురుగా ఉంటే ఒక ఫొటోని అద్దంలోలా తిప్పెయ్యచ్చు, కానీ పైట రెండో భుజం మీదకి వెళ్ళిపోతుంది, పాపిడి మారిపోతుంది. నాయనమ్మని చూసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

ఇప్పుడు ఏఐతో ఒక్క నిమిషంలో చేసిచ్చే యాప్‌లు వచ్చాయి. వాటితో జాగ్రత్త. మసగ్గా ఉన్న మొహాన్ని అవి శుభ్రం చెయ్యవు, తోచినట్టు కొత్తగా గీస్తాయి. నునుపైన, అందమైన మొహం వస్తుంది, అది మీ తాతగారిది కాదు. దండ వేసి గోడకి పెట్టే ఫొటోకి అది వద్దన్నది మా మాట. మరకలు, గీతలు పోగొట్టడం వరకూ వాడుకోండి.

తెలుగులో పేరు రాస్తే ఒత్తులు విడిపోతున్నాయి.

ఆ సైటుకో ఆ ఫాంటుకో తెలుగు సరిగా రాదన్నమాట. డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్లలో టైపు చేసిన మాటని సైటులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అది యూనికోడ్, అంటే ఫోన్లూ సైట్లూ అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి, కాదు కాబట్టి. ఫోన్ కీబోర్డుతో నేరుగా టైపు చెయ్యండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. మందలి, రామభద్ర, సూరన్నతో పాటు మన గురజాడ, మన గిడుగు పేర్లతో కూడా ఉన్నాయి. శుభలేఖకైనా ఫ్లెక్సీకైనా "శ్రీ", "క్ష్మి", "ర్త్య" ఒకసారి రాసి చూసుకుని అప్పుడు ఫాంటు ఖాయం చేసుకోండి.

ఆధార్ ముందు, వెనక ఒకే పేజీలో కావాలి.

ఎ4 సైజు, 2480×3508 పిక్సెళ్ళ తెల్ల పేజీ తెరవండి. కార్డు అసలు కొలత 85.6×54 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 1011×638 పిక్సెళ్ళు. ముందుది పైన, వెనకది దాని కింద ఆ కొలతలో పెడితే ప్రింటు కార్డంతే వస్తుంది.

కానీ దీన్ని ఊరూ పేరూ తెలియని సైటులో చెయ్యకండి. "ఫ్రీగా ఫొటోలు కలపండి" అని వెతికితే వచ్చే సైట్లలో చాలావాటికి ఫొటో ఎక్కించడమంటే మీ కాగితం వాళ్ళ సర్వరుకి చేరడమే. అడిగినవాళ్ళకి సరిపోతే ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (UIDAI) సైటు నుంచి మాస్క్‌డ్ ఆధార్ దించుకుని ఇవ్వండి, అందులో ఆఖరి నాలుగు అంకెలే కనపడతాయి. అంకెల్ని మీరే దాచాలనుకుంటే మసక చెయ్యకుండా నల్ల పట్టీ వేసి జేపీజీగా దించుకోండి. మసక చేసినవాటిని కొన్నిసార్లు తిరిగి చదివెయ్యచ్చు. నెట్ సెంటర్లో చేయిస్తే, పని అవగానే డౌన్‌లోడ్స్ ఫోల్డరులోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ మీ ఎదురుగా తీసెయ్యమనండి. మా దగ్గరైనా సరే, అడగడానికి మొహమాటపడొద్దు.

మన ఫొటోలు సర్వరుకి వెళ్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

సైటు పూర్తిగా తెరుచుకున్నాక నెట్ ఆపేసి, ఫొటోలు కలిపి చూడండి. అప్పటికీ కలిపి ఇచ్చిందంటే పని మీ ఫోన్లోనే జరుగుతోంది. ఫొటోపీ ఇలాంటిదే, ఫైలు మీ కంప్యూటరు దాటి పోదు. క్యాన్వాలో అయితే ఎక్కించినవి వాళ్ళ దగ్గర మీ ఖాతాలో ఉంటాయి, వద్దనుకుంటే మీరే తీసెయ్యాలి.

అప్లికేషన్‌లో ఫొటో, సంతకం కలిపి ఒకే ఫైలు అడుగుతున్నారు. 50 కేబీ దాటకూడదట.

తెల్ల కాగితం మీద ఫొటో అంటించి, కింద నల్ల పెన్నుతో సంతకం పెట్టి స్కాన్ చెయ్యడం పాత పద్ధతి, ఇప్పటికీ అదే మేలు. విడివిడిగా ఉంటే 413 పిక్సెళ్ళ వెడల్పున ఫొటో పైన, సంతకం కింద జోడించండి. 35×45 మిల్లీమీటర్ల ఫొటోకి 300 డీపీఐలో వచ్చే కొలత 413×531. ఆ తర్వాత గూగుల్ వాళ్ళ స్క్వూష్ సైటులో జేపీజీ నాణ్యత తగ్గిస్తూ పోతే ఎన్ని కేబీలకి వచ్చిందో పక్కనే చూపిస్తుంది. కొలతలు, కేబీలు మాత్రం మీ నోటిఫికేషన్‌లో ఉన్నవే పాటించండి, ఒక్కో పరీక్షకి ఒక్కోలా ఉంటాయి.

పాస్‌పోర్టు ఫొటోలు ఒక 4×6 షీటులో ఎన్ని పడతాయి?

35×45 సైజువి ఎనిమిది. షీటుని అడ్డంగా పెట్టుకుని వరసకి నాలుగు చొప్పున రెండు వరసలు. మధ్యలో కత్తెరకి కొంచెం సందు వదలండి.

చాట్ స్క్రీన్‌షాట్లు ఇరవై ఒకదానికింద ఒకటి అతికిస్తే ఐఫోన్‌లో తెల్లగా వస్తోంది.

కొన్ని ఐఫోన్లలో బ్రౌజరు ఒక బొమ్మని 4096×4096కి సమానమైన పిక్సెళ్ళు దాటనివ్వదు, అంటే దాదాపు కోటీ 67 లక్షలు. దాటితే ఖాళీ బొమ్మ వస్తుంది. వెడల్పు తగ్గించండి, లేదా నాలుగేసి చొప్పున ఐదు ముక్కలు చెయ్యండి. పోలీసు కంప్లయింటుకో వినియోగదారుల కమిషన్‌కో ఇచ్చేవైతే అసలు కలపకండి. విడి స్క్రీన్‌షాట్లు అలాగే ఉంచి, చాట్ కూడా ఫోన్లో చెరపకుండా పెట్టుకోండి.

శాలిహుండం కొండమీంచి వంశధార అంతా ఒకే ఫొటోలో రావాలి.

ఫోన్లో పనోరమా మోడ్ ఉంటే అదే చాలు. విడిగా తీసి కలపాలంటే ఒక్కో ఫొటో పక్కదానితో మూడో వంతు దాకా కలిసేలా తియ్యండి, ఫోన్ నిలువుగా పట్టుకోండి, మధ్యలో జూమ్ మార్చకండి. కలపడానికి కొలాజ్ సైట్లు పనికిరావు. కంప్యూటర్లో హ్యుగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అతుకులు అదే చూసుకుంటుంది. విజయనగరం కోట ముందు అయితే దగ్గర నుంచి తియ్యకండి, గోడ విల్లులా వంగిపోతుంది. రోడ్డు దాటి అవతలికి వెళ్ళండి.

జేపీజీగా దించుకోవాలా, పీఎన్‌జీగానా?

ఫొటోలే ఉంటే జేపీజీ. అక్షరాలు, స్క్రీన్‌షాట్లు ఎక్కువుంటే పీఎన్‌జీ. జేపీజీని తెరిచి మార్చి దాచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, అందుకే పదేపదే దాని మీదే దిద్దకండి. ఐఫోన్ ఫొటోల్ని సైటు తీసుకోకపోతే అవి హెచ్‌ఈఐసీ ఫైళ్ళు, ముందు జేపీజీకి మార్చుకోవాలి.

ఫోన్లో నిలువుగా ఉన్న ఫొటో సైటులో పక్కకి పడిపోతోంది.

ఎటు నిలబెట్టాలో చెప్పే గుర్తు ఫైలు లోపల ఉంటుంది. కొన్ని సైట్లు దాన్ని చదవవు. ఫోన్ గ్యాలరీలో ఒకసారి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి సేవ్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

మీకు ఫైలు ఎలా పంపాలి?

వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తెండి. ఫైలు పేరులో సైజు, ఎన్ని కాపీలో రాయండి. మ్యాట్ కావాలో గ్లాసీ కావాలో కూడా అప్పుడే చెప్పండి. సిరిమాను పండగ వారంలో అయితే ఉదయం పంపితే సాయంత్రానికి ఇవ్వగలం.